కాళ్ళు చూసుకుంటూ కుట్టిన కోటు

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, నాన్నకు అక్క అయిన అత్త, నేను ఉన్నాం. పదకొండింటికి డాక్టరుగారు వచ్చాక ఐదుగురం.

నాన్న దర్జీ. ముందుగదిలో మిషను దగ్గర కూర్చుని, కుట్టు వదిలేసి తన పాదాలకేసే చూస్తున్నాడు. చూడకపోతే అవి తొక్కుతున్నాయో లేదో ఆయనకు తెలియడం లేదు. గోడ మేకుకు వేలాడుతున్న కోటుకు రెండూ ఎడమ చేతులే.

"ఏరా, కుడిచెయ్యి లేనివాడెవడైనా కొలతలిచ్చాడా?" అంది అత్త.

"రాజుగారి కోటే అది! రేపట్నుంచి దేశంలో కోట్లన్నీ నావే," అన్నాడు నాన్న. అత్త పడీపడీ నవ్వింది. అమ్మ నవ్వలేదు.

డాక్టరుగారితో అమ్మ చెప్పింది ఒక్కటే. "నిద్ర చాలక నీరసమండీ. బలానికి ఏదైనా రాసివ్వండి." నాన్న పడిపోతున్నాడన్న సంగతి పొక్కితే ఇక మా గుమ్మం ఎవరూ తొక్కరని ఆమె భయం. "నువ్వు నోరు మెదపకు," అని నన్ను పొద్దున్నే హెచ్చరించింది. మూగదాన్ని, మెదిపే నోరు నాకెక్కడిది?

డాక్టరుగారు సంచి సర్దుకున్నారు. ఆయన వెళ్ళిపోతే నాన్నను మళ్ళీ ఎవరూ చూడరు. నా డైరీ తెచ్చి, పేజీ తీసి ఆయన చేతిలో పెట్టాను.

నెల రోజుల తేదీలవి. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడల్లా నాన్న తొట్టి మీదికి తూలాడు. ఏడుసార్లు. కళ్ళు తెరిచి ఉండగా ఒక్కసారీ పడలేదు. కాలిలో మెరుపులా పోటు వచ్చి పళ్ళు బిగబట్టిన రోజుల పక్కన చుక్క పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివి, నాన్న కంట్లో టార్చి వేశారు. అంత వెలుగు పడినా కంటిపాప చిన్నది కాలేదు.

"పెళ్ళికి ముందెప్పుడైనా పుండు లేచి, దానంతటదే మానిందా?"

"మందు లేకుండానే మానింది! ఇరవై ఏళ్ళ పైమాటే," గర్వంగా అన్నాడు నాన్న.

"మానలేదు. సిఫిలిస్ అది, సుఖవ్యాధి. ఇన్నేళ్ళూ లోపలే ఉండి వెన్నులోకి, మెదడులోకి పాకినట్టుంది. ఇవాళే ఆస్పత్రిలో చేర్చండి. ఇంజెక్షన్లతో ముదరకుండా ఆపొచ్చు. పోయింది తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను." అమ్మ వైపు తిరిగారు. "ఇది భార్యకూ, కడుపులో బిడ్డకూ అంటుకునే జబ్బు. మీకూ, అమ్మాయికీ రక్తపరీక్ష చేయాలమ్మా. ఈ పిల్లకు ముందు మీకు కడుపు పోయిందా?"

అత్త మేకు మీంచి కోటు తీసి మడతపెట్టసాగింది.

అమ్మ నాకేసి చూసింది. అది కోపం కాదు. నా ముఖంలో ఏదో పోగొట్టుకున్నట్టు, అంగుళం అంగుళం వెతికింది.

"మూడుసార్లు..." అంటూనే లేచి, మిగతాది నేను వినకూడదని నన్ను గడప అవతలికి నెట్టి తలుపు వేసేసింది.