కళ్లు బాగైన డ్రైవరు

గుంతకల్లులో గూడ్సు బండి నడిపే కుళ్లాయప్పకు ఒంట్లో ఏ జబ్బూ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

రెండువేల రెండులో, భార్య ఈశ్వరి పోరు పడలేక, ఓ కంపెనీ బలం పొడి డబ్బాలు అమ్మడానికి చేరాడు. చేర్పించిన ఓబిలేష్ ప్రతి ఆదివారం కల్యాణమండపంలో మీటింగు పెట్టేవాడు. పొడి తాగి బాగుపడినవాళ్లు స్టేజీ ఎక్కి చెప్పాలి.

"నాకేం రోగం లేదు కదన్నా, ఏం చెప్పేది?"

"ఏదో ఒకటి చెప్పప్పా. రోగమే లేనోని మాట విని పొడి ఎవరు కొంటారు?"

మైకు పట్టుకుని కుళ్లాయప్ప జనం వైపు చూశాడు. ముందు వరుసలో ఒకాయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. అది చూసి నోటికొచ్చింది అనేశాడు.

"ఆరేండ్లు నాకు కండ్లు మసకలు. సిగ్నలు ఎర్రదో పచ్చదో తెలిసేది కాదు. మూడు డబ్బాలు తాగినాక కొండమీద మేక గూడా కనిపిస్తాండాది!"

చప్పట్లు మోగాయి. కంపెనీవాళ్లు ఆ మాటలను అతని ఫొటోతో సహా కరపత్రంగా అచ్చు వేశారు. వారం తిరక్కముందే అది రైల్వేలో అతని పై అధికారి బల్ల మీదికి చేరింది.

"ఆరేండ్లు సిగ్నలు కనపడకుండానే బండి నడిపినావా?"

"లేదు సార్, బాగా కనపడేది."

"మరి ఈ పొడి ఏం బాగు చేసినట్టు?"

కుళ్లాయప్పకు డ్యూటీ ఆపి పరీక్షకు పంపారు. డాక్టరు చిన్నక్షరాలు చదివించి, రంగుచుక్కలు చూపించి, పాత రికార్డులు తిరగేసి, ఈ కళ్లకు ఏనాడూ ఏ లోపమూ లేదని రాసిచ్చాడు. అబద్ధం చెప్పినందుకు మెమో ఇచ్చి మళ్లీ పనిలోకి తీసుకున్నారు.

ఆదివారం ఆ కాగితంతోనే కుళ్లాయప్ప స్టేజీ ఎక్కాడు.

"నేను చెప్పింది అబద్ధం. నా కండ్లకు ఎప్పుడూ ఏమీ కాలేదు. ఇదో, డాక్టరు రాసిచ్చినాడు!"

ఓబిలేష్ కాగితం లాక్కుని పైకెత్తాడు. "చూసినారా! డాక్టరే ఒప్పుకున్నాడు, కండ్లు ఫస్టుక్లాసు!"

"అసలు రోగమే లేదంటాండా కదన్నా!"

"రోగం ఉండిందని గురుతు గూడా లేకుండా చేసినాది. అదప్పా మన పొడి!"

మండపం దద్దరిల్లింది. డబ్బాలన్నీ అక్కడికక్కడే అయిపోయాయి.

బయట మారెక్క అనే వేరుశనగ చేల కూలీ, డబ్బా చంకన పెట్టుకుని, కుంటుకుంటూ ఎదురొచ్చింది.

"ఏమప్పా, మోకాళ్లనొప్పికి ఎన్ని డబ్బాలు తాగల్ల?"

"దాంతో తగ్గదక్కా. రేపు ఆస్పత్రికి పోదాం రా."

ఆమె అతణ్ని జాలిగా చూసింది. "కండ్లు బాగైనాయి గానీ, నీకు తల చెడినట్టుండాది. ఆపకుండా తాగప్పా."

అయినా మర్నాడు బతిమాలి, ఆటో ఎక్కించి తీసుకుపోయాడు. డాక్టరు బిళ్లలిచ్చాడు. మారెక్క వాటిని రోజూ పొడి కలిపిన పాలతో మింగింది. నెలకల్లా నడక కుదుటపడింది.

వచ్చే ఆదివారం ఆమె స్టేజీ ఎక్కుతోందని ఓబిలేష్ ఊరంతా చెప్పుకొచ్చాడు. కుళ్లాయప్ప ఆఫీసుకు పోయి, ఆ రోజుకు దూరపు బండి అడిగి వేయించుకున్నాడు.