గ్రహణం నాటి చీరలు

చల్లపల్లిలో ముహూర్తాల రోజులొస్తే బట్టల కొట్టు కిటకిటలాడుతుంది. పరిచి చూపించిన చీరలన్నీ మళ్లీ మడతపెట్టేది రేణుకే. ఆ పనికి జీతమూ లేదు, పేరూ లేదు. "ఇంట్లో మనిషేగా" అంటుంది కొట్టు నడిపే అత్తగారు వెంకటరావమ్మ.

అమ్మను చూసి మూడేళ్ల వేదశ్రీ కూడా తువ్వాలు మడతపెట్టబోయింది. కుడిచేతి చూపుడువేలు వంగలేదు. అరచేతిలో, ఆ వేలి మొదట్లో, రేగుపండంత గడ్డ ఉంది. "చెవి డిప్పలో ఉంటుందే, ఆ మెత్తటి ఎముక కండలో పెరిగిందమ్మా. పసిపిల్లల్లో బాగా అరుదు. కేన్సర్‌లా లేదు గానీ తీసి పరీక్షకు పంపాలి. ఆలస్యమైతే వేలు బిగుసుకుపోతుంది" అంది విజయవాడ డాక్టరమ్మ. మంగళవారం ఆపరేషన్. అది తప్పితే మళ్లీ రెండు నెలలకే.

ఆ మంగళవారమే చంద్రగ్రహణం.

"గ్రహణం పూట బిడ్డ ఒంటిమీద కత్తి పెట్టిస్తావా? కడుపుతో ఉన్నప్పుడు నీకు గ్రహణం పట్టింపు లేకపోబట్టేగా ఈ గడ్డ" అంది వెంకటరావమ్మ.

"రెండు నెలలే కదా, అమ్మ మాట కూడా విను" అన్నాడు భర్త వేణుగోపాల్, సెల్లులోంచి తలెత్తకుండా.

గడ్డ కనబడిన నాటినుంచీ రేణుక తన తప్పేమిటా అని తనను తానే తవ్వుకుంటోంది. సిగ్గు విడిచి డాక్టరమ్మనూ అడిగింది. ఇది నీవల్ల వచ్చింది కాదమ్మా అని ఆవిడ చెప్పినా మనసు కుదుటపడలేదు. ఇప్పుడు చీర అంచులు కలుపుతుంటే ఆ సాయంత్రం అంతా కళ్లకు కట్టింది. ఆరో నెల. గ్రహణమని గదిలో కదలకుండా పడుకున్న తనను లేపింది ఈ అత్తగారే. అవనిగడ్డ పెళ్లివారికి యాభై చీరలు, కారు గుమ్మంలో ఉంది. "దర్భపోచ కొంగున ముడేసుకో, ఏం కాదు" అంది కూడా.

రేణుక చేతిలో చీర సగం మడతలోనే వదిలేసింది.

"ఆ రోజు యాభై చీరలు మడతపెట్టించింది మీరే అత్తయ్యా. మీ బేరానికి అడ్డం రాని గ్రహణం నా బిడ్డ చేతికీ అడ్డం రాదు."

వేణుగోపాల్ అప్పుడు తలెత్తాడు. మంగళవారం బస్సెక్కేటప్పుడు మాత్రం రాలేదు.

"సంతకానికి పాప నాన్నగారు రాలేదాండీ?" అడిగింది నర్సు తెరేసమ్మ.

"నేనొచ్చానుగా" అని రేణుక సంతకం చేసింది. వేదశ్రీని లోపలికి తీసుకెళ్లాక, చెమట తుడుచుకోబోతే కొంగున ముడి చేతికి తగిలింది. పొద్దున ఎవరూ చూడకుండా తనే కట్టుకున్న దర్భపోచ. భయం ఎక్కడికీ పోలేదు, తనతోపాటే బస్సెక్కి వచ్చింది. రానీ. ఆపలేకపోయిందిగా.