గొర్రు దిండు గిటారు

గార్లదిన్నె ఎండకు గోడలే బీటలిస్తుంటే గిటారు ఒక లెక్కా? హేమావతి ఎలక్ట్రిక్ గిటారు మెడమీద, వేళ్లు ఆడే పలక నిలువునా పగిలింది. చెక్క కుంచించుకుపోయి, దానిలో అడ్డంగా దిగేసిన సన్నని లోహపు మెట్ల కొసలు పక్కలకు పొడుచుకొచ్చి వేళ్లను గీరుతున్నాయి. ఆదివారమేమో పెళ్లి కచేరీ. ఆర్కెస్ట్రాలో ఆమె మొదటిసారి ముందు నిలబడి వాయించబోయేది అప్పుడే.

ఆర్కెస్ట్రా నడిపే ఓబిలేష్‌ది ఒకటే పట్టు. "రోజ్‌వుడ్ పలక ఏపిచ్చుకోని రా హేమా. దాని నాదం తేనె మాదిరి ఉంటాది. ఏదో వంటచెరుకు తగిలిచ్చుకోనొస్తే స్టేజీ ఎక్కనీను."

"కరెంటు గిటారన్నా ఇది! తీగ వణుకును కిందుండే అయస్కాంతం పట్టుకుంటాది. చెక్క తేడా చెవికి అందేదెంత?"

"నా చెవికి అందుతాదిలే!"

రోజ్‌వుడ్ బెంగళూరు నుంచి రావాలంటే పది రోజులు. హేమావతి గిటారును సంకన పెట్టుకుని ఖాసిం సాబ్ కొట్టానికి పోయింది. మడకలు, విత్తనం వేసే గొర్రులు చేసే వడ్రంగి ఆయన. ట్రాక్టర్లు వచ్చాక చేతికి పని తగ్గింది గానీ నోటికి తగ్గలేదు.

"ఏమ్మే, మంచం కోడు ఎత్తుకోనొచ్చినావు?"

"గిటారు మామా. ఎండకు చెక్క ముడుచుకుపోయింది."

"మన ఎండ చూడని చెక్క! అత్తగారింటికొచ్చిన పట్నం అల్లుడే. మీ నాయన గొర్రు యాడుండాది?"

హేమావతి నాయన కుళ్లాయప్ప గొర్రు దొడ్డిగోడకు ఆనుకుని ఉంది. విత్తనాలు వేసినన్నాళ్లు వేసి, ఆపైన ఊరికే ఎండుతూ ముప్పై వేసవులు చూసింది. దాని దిండు, అంటే గొట్టాలు దిగేసే అడ్డదుంగ, నల్లతుమ్మ. ఖాసిం సాబ్ వేలిగణుపుతో కొట్టి చెవి ఆనించాడు.

"ఇంక ముడుచుకునేకి దీంట్లో ఏమీ మిగల్లేదు" అన్నాడు.

కుళ్లాయప్ప సరేనన్నాడు. బొక్కలు పోను దిండులో రెండంటే రెండు పలకలు తేలాయి.

మర్నాడు పొద్దున్నే వెళ్లి చూసిన హేమావతి తల పట్టుకుంది. పలక అద్దంలా ఉంది. దానిమీద మెట్ల కోసం కోసిన గాట్లు మాత్రం అన్నీ ఒకే ఎడంలో ఉన్నాయి.

"ఇదేంది మామా!"

"ఏం, వంకర పోయిందా? నలభై ఏండ్లు గొర్రులు చేసినా. సాలుకూ సాలుకూ నడుమ వెంట్రుక తేడా రానిచ్చింటే చెప్పు."

"ఇది చేను కాదు మామా. కిందికి పోయేకొద్దీ మెట్లు దగ్గరవుతా రావాల. లేకుంటే ఏ స్వరమూ పలకదు."

ఖాసిం సాబ్ బాడిసె కింద పెట్టాడు. ఉన్నది ఇంకొక్క పలక. అదీ పోతే ఆదివారం పోయినట్టే. చివరికి ఊడదీసిన పగిలిన పలకనే దానిమీద పెట్టి, సూదితో ఒక్కొక్క గుర్తూ గీసుకున్నాడు. ఊపిరి బిగబట్టి రంపం ఆడించాడు.

"కావాలని సాళ్లు తప్పించేది ఇదే మొదలు. ఎవురికీ చెప్పొద్దు మ్మే, ఉండే ఒకరిద్దరు రైతులూ పారిపోతారు."

శనివారం రిహార్సల్‌కు ఖాసిం సాబ్ కూడా వచ్చి గడపలో కూర్చున్నాడు. హేమావతి గిటారు మీద కండువా కప్పి లోపలికి తెచ్చింది.

"అన్నా, అట్ల తిరుక్కో. చెవితోనే చెప్పు."

ఓబిలేష్ వీపు తిప్పాడు. ఆమె వాయించింది. మెట్లు ఎక్కడా గీరలేదు. తుమ్మ మీద వేళ్లు తడినేలలో మడక సాగినట్టు సాగాయి. చెవికి తేడా ఉందో లేదో గానీ వేళ్లకు పండగే. ఓబిలేష్ భుజాలు ఊగాయి.

"అద్దీ! రోజ్‌వుడ్ అంటే అదీ! ఆ తేనె ఇంగ ఏ చెక్కకొస్తాది?"

గడపలోంచి ఖాసిం సాబ్ పడీపడీ నవ్వాడు. "కుళ్లాయప్ప శెనక్కాయలు విత్తిన గొర్రప్పా అది!"

ఓబిలేష్ గిరుక్కున తిరిగాడు. వచ్చి పలకను తడిమాడు, వంగి వాసన చూశాడు. ముఖం కందింది. తర్వాత తానే ఫక్కున నవ్వేశాడు.

"రేపు ముందర నువ్వే నిలబడు హేమా." ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించాడు. "మామా, నా బేస్ గిటారు పలకా ఈ ఎండకు లేస్తాండాది. ఆ దిండులో ఇంకో ముక్కేమన్నా ఉండాదా?"

"ఉండాది నాయనా, ఒకటి" అన్నాడు ఖాసిం సాబ్. "సాళ్లు మాత్రం సరిసమానం!"