చప్పట్లు లేని పని

అప్పలసూరి భిలాయి-3 దగ్గర ఓ రోలింగు మిల్లులో ముప్పైరెండేళ్ళు కేబుళ్ళు పరీక్షించాడు. కరెంటు తీగ మీది తొడుగు ఎంత గట్టిగా ఉందో చెప్పే పెట్టె ఒకటుంటుంది, మెగ్గర్ అంటారు. పిడి తిప్పితే ముల్లు కదులుతుంది, తొడుగు పాడైతే ముల్లు పడిపోతుంది. ఆ పిడి తిప్పీ తిప్పీ ఆయన కుడిభుజం కాస్త కిందికి దిగిపోయింది. మోటారు కాలిపోయాక పరుగెత్తుకొచ్చి బాగుచేసినవాళ్ళకి మిల్లులో దండలు పడేవి. అప్పలసూరి చూసే మోటార్లు కాలేవే కావు, అందుకని ఆయన ఊసెత్తిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. రిటైరైన రోజున ఆఫీసరు మైకు ముందు ఆయన ఏం పని చేసేవాడో పక్కవాణ్ణి అడిగి తెలుసుకున్నాడు.

కూతురు సౌమ్య రుఆబాంధాలో ఓ బడిలో ఆటల టీచరు. విజిల్ నోట పెట్టిందంటే రెండువందల మంది పిల్లలు కిక్కురుమనరు. అలాంటి పిల్లకి మూడేళ్ళ క్రితం ఎడమకన్ను మసకబారింది, ఆ వెనకే కాలు తిమ్మిరెక్కింది. రాయపూర్‌లో నరాల డాక్టరు లక్ష్మీప్రసన్న స్కానింగు చూసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి మెదడులో, వెన్నులో నరాల మీది తొడుగును కొరికేస్తుందట.

తొడుగు అన్న మాట వినగానే అప్పలసూరి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అయితే పోయినకాడ టేపు సుట్టెయ్యలేరేటమ్మా?"

డాక్టరు నవ్వలేదు. అదే ఆయనకి నచ్చింది. "పోయినదాన్ని పూర్తిగా తెచ్చిపెట్టే మందు ఇంకా రాలేదు అంకుల్. కొత్తచోట పోకుండా ఆపడానికి మాత్రం మంచి మందులొచ్చాయి. ఎంత తొందరగా పట్టుకుంటే అంత మిగులుతుంది" అంది.

మిగుల్చుకున్నారు కూడా. స్టెరాయిడ్లతో కన్ను తొందరగానే తేరుకుంది. రోజూ మాత్రలు మొదలయ్యాయి. కాలికి కసరత్తులు నేర్పారు. మే ఎండలో కాలు మళ్ళీ ఈడ్చుకుపోతే ఇంటిల్లిపాదీ హడలిపోయారు. అది కొత్త దెబ్బ కాదని, వేడికి తొడుగు పోయినచోటి పాత మచ్చలు మొరాయిస్తున్నాయని డాక్టరు ఫోనులోనే ఓపిగ్గా చెప్పింది. సౌమ్య మెడకి తడిగుడ్డ చుట్టుకుని, ఆటల పీరియడు పొద్దున్నే పెట్టించుకుంది. కూతురి పట్టుదల చూసి అప్పలసూరి లోలోపల పొంగిపోయేవాడు.

అంతా బాగుందనుకుంటుండగా నిరుడు స్కానింగులో రెండు కొత్త మచ్చలు కనబడ్డాయి. సౌమ్యకి మాత్రం ఏ బాధా లేదు. మాత్రలు చాలడం లేదు, ఆరు నెలలకోసారి సెలైన్‌లో ఎక్కించే గట్టి మందుకి మారాలంది డాక్టరు. ఒంటి రక్షణ కొంత తగ్గుతుంది, జ్వరాలొస్తే జాగ్రత్తగా ఉండాలి అని దాచకుండా చెప్పింది.

సౌమ్య మొండికేసింది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. "నేను బిల్కుల్ ఠీక్ ఉన్నాను నాన్నా. పరుగెడుతున్నాను కదా! బాగున్నదాన్ని పట్టుకుని అంత మందు ఎందుకు?"

మచ్చలు పెరిగితే ఆ పరుగే ఆగిపోవచ్చు. అది తండ్రికీ తెలుసు, కూతురికీ తెలుసు. కోహ్కాలోని వాళ్ళింట్లో రెండురోజులు ఎవరూ సరిగా తినలేదు. మూడోరోజు అప్పలసూరి కూతురి పక్కన కూచున్నాడు.

"నీ పదో పుట్టినరోజుకి నాను రాలేదని ఏడిసేవు, గేపకముందా?"

"కేకు కూడా కొయ్యలేదు ఆ రోజు."

"మెగ్గర్ ముల్లు పడిపోనాదే తల్లీ. మోటారేమో బెమ్మాండంగా తిరుగుతంది. నడుత్తంది కదా, వొగ్గీవయ్యా అని ఆఫీసరు అరిసేడు. లైను ఆపీసినాను. కేబులిప్పి సూస్తే లోపలంతా మసి. ఇంకొక్క రోజు తిరిగుంటే ఏటయ్యేదో!" ఆయన పక్కనున్న స్కానింగు కవరు మీద వేలు పెట్టాడు. "ఆ స్కానింగు మా మెగ్గరే. ముల్లు పడిపోనాక మోటారు మాట ఇనకూడదు. సేతులు కాలేక ఆకులట్టుకుంటామేటి?"

"డర్ లగ్తా హై, నాన్నా."

"నాకూ బయమే. ఆ రోజూ బయమేసినాది. అయినా ఆపేను."

సౌమ్య మర్నాడే డాక్టరుకి ఫోను చేసింది. రక్తపరీక్షలు చేశారు, టీకాలు ముందే వేశారు. మందు ఎక్కుతున్నంతసేపూ నర్సు మాటిమాటికీ వచ్చి బీపీ చూసింది, దురద పెడుతోందా అని అడిగింది. ఆ శ్రద్ధ చూసి అప్పలసూరికి కడుపు నిండిపోయింది. ఇలాంటి మనుషులు మిల్లులో నలుగురుంటే తనకి సగం పని తగ్గేదనుకున్నాడు.

ఏడాది తిరిగాక డాక్టరు పాత స్కానింగునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో మచ్చ మీద వేలు ఆనిస్తూ చూసింది.

"పాతవి పాతచోటే ఉన్నాయి. కొత్తది ఒక్కటీ లేదు."

"అంతేనా?" అంటూ సౌమ్య బ్యాగు తీసుకుంది. డాక్టరు తరవాతి పేషెంటు కోసం గంట నొక్కబోయింది.

అప్పలసూరి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. బయట కూర్చున్నవాళ్ళు తలుపులోంచి తొంగిచూశారు. డాక్టరు ముఖం ఎర్రబడింది. "నేనేం చేశాను అంకుల్, ఏమీ జరగలేదు కదా" అంది.

"ఏటీ జరగనేదంటే ఏటీ సెయ్యనేదనుకుంటారమ్మా జనం. అది ఎంత పనో నాకు తెలుసు."

సౌమ్య బ్యాగు కింద పెట్టేసింది. తండ్రి దిగిపోయిన భుజం వైపు కాసేపు చూసింది. తరవాత ఆయనకి ఎదురుగా నిలబడి తనూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

అప్పలసూరి వెనక్కి తిరిగి, ఎవరొచ్చారా అని గుమ్మం వైపు చూశాడు.