కంప్యూటర్‌కు కట్టిన చీర ముక్క

తెర మళ్ళీ నల్లబడింది.

"ఇంకాసేపు ఆగలేవేటే!" సూర్యకుమారి అరచేత్తో బల్ల మీద కొట్టింది. కంప్యూటర్‌కు అదేం పట్టలేదు. దానంతటదే ఆరిపోయింది, స్విచ్చి వేస్తే మళ్ళీ మొదలైంది, ఏమీ జరగనట్టు తెర మీద స్వాగతం పలికింది.

బారువకు దక్షిణాన ఉన్న ఆ పల్లెలో మత్స్యకార సంఘం గది అది. సంఘం బోట్లకు ఒక స్వచ్ఛంద సంస్థ ప్రయోగం కోసమని చిన్న చిన్న పరికరాలు బిగించింది. బోటు ఎక్కడుందో అవి ఉండుండి ఉపగ్రహానికి చెబుతాయి. ఆ కబురు చేరేది ఈ ఒక్క కంప్యూటర్‌కే. కబురు వచ్చే సమయానికి ఇది మేలుకుని ఉంటే పటం మీద పచ్చ చుక్క పడుతుంది, లేకపోతే ఆ కబురు పోయినట్టే. టెక్కలిలో డిగ్రీ, పలాసలో కంప్యూటర్ కోర్సు చేసిన కోడలు కాబట్టి సూర్యకుమారికి సంఘం ఈ కుర్చీ ఇచ్చింది.

ఇవాళ ఆమెకు కావలసింది ఒకే చుక్క. భర్త లోకనాథ్, మరో ఇద్దరు ఉన్న బోటుది.

మధ్యాహ్నం వేట నుంచి తిరిగొచ్చిన తిరుపతిరావు తడి బట్టలతోనే ఈ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోకనాథ్ బోటు ఇంజను నడిసముద్రంలో ఆగిపోయిందట. తన బోటుకు కట్టి లాక్కొద్దామని చూశాడట. కెరటం దెబ్బకు తాడు తెగింది, వెనకే వాన కమ్మేసింది. వాన వెలిసి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"గాలి దచ్చినం నుంచి కొడతంది సెల్లీ. బారువ దాటి ఇచ్ఛాపురం ఏపు ఎల్లిపోయుంటాది," అన్నాడు. తర్వాత తల వంచుకుని, "నాకు తెలిసింది అంతే," అన్నాడు.

ఇప్పుడు భావనపాడు నుంచి గస్తీ బోటు బయల్దేరింది. అందులోని ఎస్సై సునీల్ ఆమెకు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

మూడోసారి మోగింది.

"అమ్మా, లొకేషన్ వచ్చిందా?"

"ఇంకా రానేదు సార్. కంప్యూటర్ ఆగిపోతంది."

"మావాళ్ళు ఉత్తరానికి నడుపుతున్నారు. పొద్దు వాలిందంటే బోటు పక్కనుంచి పోయినా మాకు కనపడదు. మళ్ళీ రేపే. అది ఉత్తరమో దక్షిణమో, కనీసం అదన్నా చెప్పగలవా?"

"సెప్తాను సార్," అంది. ఎలా చెబుతుందో ఆమెకే తెలియదు.

గది మూలన కూర్చున్న అత్త నూకాలమ్మ తలెత్తింది. రోజూ ఈ గది ఊడ్చి, నీళ్ళు చల్లి వెళ్ళేది ఆవిడే. ఇవాళ ఊడవలేదు, వెళ్ళలేదు. "పలాసలో నేర్సుకున్న సదువు ఇదేనేటే? ఆ పెట్టె నీ మాట ఇనదా?" అంది. తిట్టులాగే ఉంది గాని, కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి.

సూర్యకుమారి ఫిలిప్పుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. పలాసలో ఆమెకు కంప్యూటర్ నేర్పినవాడతడు. ఈ మిషను అమర్చింది కూడా అతడే. ఇవాళ టెక్కలిలో ఒక బడి పనిలో ఉన్నాడు. అన్నీ వదిలేసి బయల్దేరినా ఇక్కడికి చేరేసరికి చీకటి పడిపోతుంది.

"కంగారు పడకు సెల్లెమ్మా. నేను అడిగినదానికి సెప్పు. ఆరిపోయేముందు తెర మీద ఏదైనా రాత పడతందా?"

"ఏటీ పడట్లేదన్నా. దీపం ఊదేసినట్టు ఆరిపోతంది."

"అయితే ముందు కరెంటు సంగతి సూద్దాం. యూపీఎస్ తీసేసి తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టు."

పెట్టింది. మిషను లేచింది, పటం తెరుచుకుంది. రెండు చుక్కలు పడ్డాయి, రెండూ ఒడ్డు చేరిన బోట్లవి. మూడోది పడకముందే గది నిశ్శబ్దమైపోయింది. ఫ్యాను హోరు ఆగిన నిశ్శబ్దం అది.

"వైరు బిగువుగా ఉందా? వెనకాల ఊగిసలాడుతుందేమో, కదిపి సూడు."

"బిగువుగానే ఉంది."

"పెన్‌డ్రైవు, ప్రింటరు, ఇంకేటైనా తగిలించి ఉంటే పీకీ."

పీకేసింది. మౌసు, కీబోర్డు తప్ప ఏదీ మిగల్చలేదు. ఈసారి పటం సగం తెరుచుకునేసరికే ఆరిపోయింది.

"అన్నా, ముందుకంటే తొందరగా సస్తంది!" ఆమె గొంతు గది దాటి వినపడింది. గుమ్మం బయట గుమిగూడిన ఆడవాళ్ళు మాటలు ఆపేశారు.

"ఎప్పటినుంచి ఇలా సేత్తంది?"

"మొన్న... ఆయన ఏటకెళ్ళిన కాడి నుంచి. మొన్న ఒకటి రెండుసార్లే. ఇవాళే మరీ."

"పైన ఏటైనా కప్పారా? దుప్పటి, ప్లాస్టిక్ కవరు?"

"నేదన్నా. ఏటీ కప్పనేదు."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజమేననుకుంది.

ఇంతలో ఎస్సై ఫోన్. ఫిలిప్పును ఆపి, మాట తెగిపోతుంటే మిషను ఆపేసి, ఆమె సిగ్నల్ కోసం బయటికి పరిగెత్తింది. అవే ప్రశ్నలు, అవే జవాబులు. తిరిగొచ్చి స్విచ్చి వేసింది. ఈసారి మిషను లేచి, పటం తెరిచి, ఒడ్డున ఉన్న బోట్ల చుక్కలన్నీ చూపించింది. ఇంకాసేపు నడిచింది. ఆ తర్వాత ఆరిపోయింది.

మళ్ళీ ఫిలిప్పు. "ఇప్పుడు ఎంతసేపు నడిసింది?"

"ఇందాకటి కంటే సానాసేపు. అంతకుముందు ఆపేసి బయటికెళ్ళాను..."

ఫిలిప్పు గొంతు మారింది. "ఆపి ఉంచితే ఎక్కువసేపు బతుకుతంది. ఎంటనే లేపితే తొందరగా పోతంది. అది వేడి సెల్లెమ్మా! కరెంటు కాదు, వేడి. లోపల కాగిపోయి, కాలిపోకుండా తనే ఆరిపోతంది. వెనకాల ఫ్యాను కాడ సెయ్యి పెట్టు. గాలి తగలాల."

సూర్యకుమారి బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చింది. గాలి తగల్లేదు. వేళ్ళకు మెత్తగా, వెచ్చగా, పసుపు అంటిన గుడ్డ తగిలింది.

అప్పుడు చూసింది, మూడు రోజులుగా కళ్ళెదుటే ఉన్నదాన్ని.

వేటకు పోయే ముందు గంగమ్మకు చీర పెట్టి, ఆ చీర చించి ఒక ముక్క బోటు ముక్కుకు కట్టడం వాళ్ళ ఇంట్లో ఆనవాయితీ. బోటు ఒడ్డెక్కేదాకా ఆ ముడి ఎవరూ విప్పరు. కిందటి నెల నూకాలమ్మ తెర మీది చుక్కను వేలితో చూపించి, "ఇదేటే?" అని అడిగింది. "నీ కొడుకే అత్తా. ఈ పెట్టెలోనే ఉన్నాడు, సూడు," అని సూర్యకుమారి ఆటపట్టించింది. నూకాలమ్మ నవ్వలేదు. ఈసారి ఆ ఎర్రచీరను రెండు ముక్కలు చేసింది. ఒకటి బోటుకు కట్టింది. రెండోది తెచ్చి, ఈ పెట్టె చుట్టూ రెండు వరసలు చుట్టి, వెనక ముడి వేసింది.

దేవత గుడ్డను కప్పడమని ఎవరనుకుంటారు?

"అన్నా... గంగమ్మ చీర ముక్క కట్టి ఉంది. సుట్టూరా."

ఫిలిప్పు ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి. ఈ మాట తన నోటి నుంచి రావడం అతనికి కష్టంగానే ఉంది. "నేను తియ్యమంటే బాగోదు సెల్లెమ్మా. కానీ ఆ ముడి ఉన్నంతసేపూ మిషను నిలబడదు," అన్నాడు.

సూర్యకుమారి ముడి మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకు!"

నూకాలమ్మ లేచి నిలబడింది. గుమ్మంలో ఆడవాళ్ళు ఇంత చోటు ఇచ్చి వెనక్కి తగ్గారు.

"ఆడు నడినీట్లో ఉన్నాడు. ఇప్పుడు ఇప్పుతావా? ఆ బోటు మీది ముక్క కెరటానికి కొట్టుకుపోతే, ఆడికి మిగిలింది ఇదొక్కటే."

"ఇది ఇప్పకపోతే ఆయన ఎక్కడున్నాడో తెల్దు అత్తా."

"ఇప్పితే ఉంటాడని నీకెవరు సెప్పేరు?"

కిటికీ అవతల సముద్రం మీద వెలుతురు పలచబడుతోంది. గుడ్డను లాగేస్తే క్షణంలో అయిపోతుంది. ముసలామె అడ్డం రాలేదు కూడా. కానీ లోకనాథ్ రాకపోతే? బతికినన్నాళ్ళూ ఆ ముడి తన చేతికే చుట్టుకుని ఉంటుంది. అత్త ఒక్క మాట అనకపోయినా సరే.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అత్తా, నాకు బయంగానే ఉంది," అంది. "బోటును తాడేసి కట్టేస్తే కదల్దు గదా. దీన్నీ అలాగే కట్టేశాం. ఇది ఊపిరాడక సస్తంది. ఇది సచ్చినప్పుడల్లా ఆయన పంపే కబురు నీట్లో పోతంది. పిలుస్తున్నాడత్తా. మనమే ఇనట్లేదు."

నూకాలమ్మ తెరకేసి చూసింది. నల్లటి తెరలో ఆవిడ ముఖమే కనిపించి ఉంటుంది.

"తప్పుకో," అంది. "కట్టింది నేను. ఇప్పితే నేనే ఇప్పాల. ఏటన్నా ఐతే నా మీదే పడనీ."

ఆవిడ నేల మీద కూర్చుంది. ముడి ఒక పట్టాన లొంగలేదు. ఎవరూ సాయం చెయ్యలేదు, చెయ్యకూడదు. చివరికి ముడి వీడింది. గుడ్డను కింద పెట్టకుండా ముంజేతికి చుట్టుకుని పళ్ళతో బిగించింది.

సూర్యకుమారి స్విచ్చి మీదికి చెయ్యి చాచింది.

"ఇప్పుడే వెయ్యకు!" ఫోనులో ఫిలిప్పు అరిచాడు. "కాగిపోయి ఉంటాది. సల్లారనీ. తొందరపడితే మళ్ళీ మొదటికొత్తాది."

ఎదురుచూడటం. అన్నిటికంటే కష్టమైన పని అదే. మధ్యలో ఎస్సై ఫోన్ వస్తోంది, ఆమె ఎత్తలేదు. నూకాలమ్మ గోడకున్న తాటాకు విసనకర్ర దించి పెట్టె వెనక విసరడం మొదలుపెట్టింది, జ్వరం వచ్చిన బిడ్డకు విసిరినట్టు.

"ఇప్పుడు వెయ్యి," అన్నాడు ఫిలిప్పు.

మిషను లేచింది. తీరం గీత. నీలం. ఒడ్డున చుక్కలు. ఆరిపోయే సమయం వచ్చింది, దాటింది. ఫ్యాను హోరు ఆగలేదు. విసనకర్ర చప్పుడూ ఆగలేదు. సూర్యకుమారి తెర ఉత్తరపు అంచును, బారువకు ఆవల ఉన్న నీటిని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

చుక్క అక్కడ పడలేదు.

తెర కింది అంచున పడింది. భావనపాడు కంటే కిందికి, ఎవరూ వెతకని చోట.

"సార్!" ఎస్సైకి ఫోన్ కలిపి ఆమె అరిచింది. "దచ్చినం! మీరు ఎనక్కి తిరగండి సార్, దచ్చినం!" అంకెలు చదివింది. అతడు తిరిగి చదివాడు. మళ్ళీ ఒకసారి చదివింది.

"గాలి అటు కొడతంటే, అడుగు నీరు ఇటు లాగీసింది," అప్పటినుంచీ గుమ్మం పక్కనే ఉన్న తిరుపతిరావు గొణిగాడు. ఇక అక్కడ నిలబడలేక ఒడ్డుకు నడిచాడు.

తర్వాతి కబురులో చుక్క ఇంకొంచెం కిందికి జరిగింది. ఆ అంకెలూ చదివింది. తర్వాత ఇంకోటి. బయట వెలుతురు బూడిదరంగుకు తిరిగింది. ఎస్సై నుంచి ఏ మాటా లేదు.

ఫోన్ మోగింది.

"కనపడ్డారమ్మా. బోటు మీద ఎర్రగుడ్డ ఊపుతున్నారు. ముగ్గురూ ఉన్నారు. మీ ఆయన ముందు ఇంజను సంగతి అడుగుతున్నాడు, తర్వాతే మంచినీళ్ళు."

గది ఒక్కసారిగా అరుపులతో నిండిపోయింది. సూర్యకుమారి నవ్వబోయి ఏడ్చేసింది. ఫిలిప్పుకు ఫోన్ కలిపి చెబితే అతడు "దేవునికి స్తోత్రం" అన్నాడు. అది వినపడని ఆడవాళ్ళు గంగమ్మకు దండాలు పెడుతున్నారు.

నూకాలమ్మ మాత్రం లేవలేదు. విసనకర్ర అలాగే ఆడుతోంది.

"దొరికేరత్తా. ఇంక ఆపీ. సెయ్యి పడిపోద్ది."

"దొరికేడు. ఒడ్డెక్కేడేటి?" అంది ముసలామె, చేతికున్న ముడి సర్దుకుంటూ. "నువ్వు ఆ సుక్క సూడు. నా పని నాకు తెల్సు."