తడిస్తేనే కనబడే చెయ్యి

నాపరాయి కొనేవాడు తెలిసినవాడైతే ముందు బండ మీద నీళ్లు పోయమంటాడు. పొడిగా ఉన్నప్పుడు అన్ని బండలూ ఒక్కలాగే కనబడతాయి. తడిపితే పగులు, మచ్చ, రంగు తేడా పైకి వస్తాయి. తాండూరులో ఇన్నేళ్లుగా ఈ వ్యాపారం చేస్తున్నాను, నీళ్లు పోసి చూడకుండా సరుకు దింపుకోలేదు. ఒక్క కారు కొన్నప్పుడే ఆ పని చెయ్యలేదు.

మా బిడ్డ రుచితకు వికారాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. రైలు వేళలు ఆమె పనివేళలకు కుదరలేదు. రోజూ అంత దూరం బస్సులో నిలబడి పోవడం నాకు ఇష్టం లేదు. ఆమె కారు నడపడం నేర్చుకుంది. కాని ధారూర్ దాటాక అనంతగిరి గుట్ట మలుపులున్నాయి, వానాకాలంలో అక్కడ పొగమంచు దిగుతుంది. ముందు పాత బండి మీద చెయ్యి తిరగాలి. కొత్తదాని మీద పడే ప్రతి గీతా దాని విలువలోంచే పోతుంది. అందుకని పాతది వెతికాను.

ధారూర్‌లో గొర్రెల మంద, కాస్త పొలం ఉన్న అంజిలయ్య ఒక నల్ల కారు అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాను. బండి ఇంటి పక్కన రేకుల కింద ఉంది, దుమ్ము కప్పుకొని. నా పద్ధతిలో నేను పరీక్షించాను. బండను వేలి కణుపుతో కొడితే మంచిదైతే ఖంగుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. కారు రేకును కూడా అలాగే కొట్టుకుంటూ చుట్టూ తిరిగాను. ఎక్కడా లప్పం పెట్టిన చప్పుడు లేదు.

"యాడనన్న గుద్దుకున్నదా అంజిలయ్యా?"

"గీత గూడ పడలే పటేలా," అన్నాడతను. "ఇంట్ల నడిపేటోళ్లు లేరు. ఊకె పెట్టుకొని ఏం జేసుకుంట."

అతని భార్య కాశమ్మ గడపలో నిలబడి వింటూ ఉంది. నేను చెప్పిన ధరకు అంజిలయ్య మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. వ్యాపారంలో అది ఆగి ఆలోచించాల్సిన చోటు. నేను మాత్రం సంతోషించి తాళం తీసుకున్నాను.

తాండూరు గాలిలో రాతి పొడి ఉంటుంది. కారు మీద అది పడ్డాక పొడి గుడ్డతో తుడిస్తే ఉప్పు కాగితంతో రుద్దినట్టే. అందుకని బండిని నేనే కడిగేవాణ్ణి. ఎండ పొడ తగలని గోడ నీడన నిలిపి, ముందు చెయ్యి పెట్టకుండా పైనుంచి నీళ్లు పోసి దుమ్మును జార్చేవాణ్ణి. ఒక బకెట్లో సబ్బు నీళ్లు, ఇంకో బకెట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. మెత్తని గుడ్డతో ఒకే వైపు తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. ఆరాక మైనం పట్టించాలి.

"ఏందయ్యా, మన పెండ్లయినప్పటి సంది నాకు ఒక్కనాడన్న తలకు నూనె పెట్టినవా?" అంది నా భార్య ఇంద్రమ్మ, మొదటిరోజు ఈ తతంగం చూసి.

"నిన్ను మళ్లీ అమ్మేది లేదు గద," అన్నాను.

"అమ్మిచూడు, ఎవలు కొంటరో నేను గూడ చూస్త."

రుచిత నవ్వుతూ మగ్గుతో బానెట్ మీద నీళ్లు పోసింది. పోసి, నవ్వు ఆపింది. "నాయినా, గిదేంది?"

నీళ్లు మిగతా రేకంతా జారిపోతున్నాయి. బానెట్ నడుమ ఒకచోట మాత్రం పల్చగా అంటుకొని నిలిచాయి. నిలిచిన ఆకారం కుడి అరచెయ్యి. వేళ్లు అద్దం వైపు ఉన్నాయి, బండి ఎదుట ఎవరో నిలబడి దాన్ని ఆపినట్టు. ఉంగరపు వేలికి ఒక కణుపు లేదు.

ఆరాక చూస్తే ఏమీ లేదు. మళ్లీ తడిపితే మళ్లీ వచ్చింది.

నాకు భయం వెయ్యలేదు, కారణం తోచింది. దసరాకు బండి పూజ చేసి, పసుపులో సున్నం కలిపి బానెట్ మీద చెయ్యి అద్ది ఉంటారు. దాన్ని ఎండలో వదిలేస్తే సున్నం రంగును తింటుంది. కాశమ్మ చెయ్యే అయ్యుంటుందనుకున్నాను. మా రాళ్ల యార్డులో బండకు చేసినట్టే చేశాను: గరుకు కాగితంతో మొదలుపెట్టి సన్నదానికి వచ్చి, చివర పాలిష్ కొట్టాను. ఆ చోటు అద్దమైంది. నీళ్లు పోస్తే జారిపోయాయి.

తరువాతి వారం కడిగినప్పుడు చెయ్యి ఎడమవైపు మడ్‌గార్డు మీద ఉంది.

రాతిలో చార ఏటవాలుగా దిగి ఉంటే, అరగదీసిన కొద్దీ పక్కకు జరుగుతుంది. అలాంటిదే అనుకున్నాను. రాయి ఎంత అరిగినా లోపల రాయే. కారు రంగు గోరంత మందం కూడా ఉండదు, అందులో చార ఎక్కడ దాగుతుంది? ఈ ప్రశ్న పక్కన పెట్టి అక్కడా రుద్దాను. ఆ పై వారం అది ఎడమ తలుపు మీద, హ్యాండిల్ కిందికి వచ్చింది. ముందు ఎదుట నిలబడ్డ మనిషి, బండిని తడుముకుంటూ పక్కగా నడిచి, తలుపు దగ్గర ఆగినట్టుంది.

సోమవారం నుంచి రుచిత బ్యాంకుకు కారులో పోవాలి. ఆదివారం పొద్దున తలుపు మీది చెయ్యిని కూడా రుద్దేసి, బండంతటికీ మైనం పట్టించి, ఒక్కణ్ణే ధారూర్ బయలుదేరాను.

కాశమ్మ నాకు మంచినీళ్ల చెంబు అందిస్తుంటే ఆమె కుడి చెయ్యి చూశాను. ఐదు వేళ్లూ పూర్తిగా ఉన్నాయి.

"మీ ఇంట్ల ఉంగరపు వేలు పొట్టిగ ఎవలికున్నదమ్మా?" అని అడిగాను.

చెంబు ఆమె చేతిలోనే ఉండిపోయింది. అంజిలయ్య తల దించుకొని జవాబిచ్చాడు. "మా కొడుకు నవీన్‌కుమార్‌కు. చిన్నగున్నప్పుడు గడ్డి మిషన్ల పడ్డది."

కారు అతనిదే. వికారాబాద్‌లో పని, రోజూ గుట్ట మీదుగా పోయి వచ్చేవాడు. దసరానాడు కాశమ్మ బండికి పసుపు చెయ్యి అద్దింది.

"రంగు పోతదే అమ్మా అని అప్పటికప్పుడే కడిగేసిండు," అంది కాశమ్మ. "నేను గులిగితే, తడి బండి మీద తన చెయ్యి పెట్టిండు. ఇగో, నా చెయ్యి సాలదా అన్నడు. నవ్వుకుంట పోయిండు."

ఆ సాయంత్రం గుట్ట మలుపులో కారు రోడ్డు పక్కన నిలిచి ఉంది. ఇంజను నడుస్తోంది, తలుపు తెరిచి ఉంది. నవీన్ కింద లోయలో దొరికాడు. ఎందుకు ఆపాడో, ఎందుకు దిగాడో ఎవరికీ తెలియదు. బండికి గీత కూడా లేదు.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"నువ్వు బండి సంగతి అడిగినవ్ పటేలా, మనిషి సంగతి అడగలే," అన్నాడు అంజిలయ్య.

కాశమ్మ చెంబుతో బయటికి నడిచింది. బానెట్ మీద, మడ్‌గార్డు మీద, తలుపు మీద నీళ్లు పోసింది. నీళ్లు చుక్క నిలవకుండా జారిపోయాయి. ఆమె కారు చుట్టూ అరచేత్తో తడుముతూ తిరిగింది.

"అంత నున్నగ జేసినవ్," అంది. "వాడు చెయ్యి యాడ పెట్టాలె మరి?"

తిరుగుదారిలో సన్నని వాన పట్టింది. అద్దాలు ఎక్కించుకున్నాను. తడిసిన బానెట్ మీద ఏమీ లేదు. కాసేపటికి లోపల ఆవిరి పట్టి అద్దాలు మసకబారాయి. పక్కసీటు వైపు కిటికీ అద్దం మీద ఆ చెయ్యి తేలింది. ఎవరో కూర్చుని కిటికీకి చెయ్యి ఆనించినట్టుంది. బండి ఆపి వేలితో తాకి చూశాను. గుర్తు లోపలి వైపునే ఉంది.

బయట నిలవడానికి చోటు లేకుండా చేసింది నేనే. అతను లోపలికి వచ్చాడు. రేపు ఆ సీటు పక్కన కూర్చుని నడపబోయేది నా బిడ్డ.

ఇంటికి వస్తూ లెక్క వేసుకున్నాను. బండిని ఇంకొకరికి అమ్మితే వాళ్ల ఇంట్లోనూ ఎవరో ఒకరు నడుపుతారు. మూలకు పెడితే లోపల ఉన్నవాడు లోపలే ఉంటాడు. కాశమ్మ అడిగిన మాట ఒక్కటే పనికొచ్చేలా కనబడింది. ఇంట్లో దిగగానే యార్డు నుంచి గరుకు కాగితం తెచ్చి, బానెట్ నడుమ అరచెయ్యంత మేర మైనం, మెరుపు అన్నీ పోయేలా గీకాను. నా చేత్తో నేను సరుకు పాడుచేసుకోవడం అదే మొదలు.

"పానం మంచిగ లేదా?" అంది ఇంద్రమ్మ. ఏమీ దాచకుండా ఇద్దరికీ చెప్పాను. రుచిత కారు దగ్గరికి పోయి ఆ గరుకు చోటును వేలితో తడిమింది. "ముందల ఉంటే ఉండనీ నాయినా. పక్కసీట్ల వద్దు," అంది.

తెల్లవారి నీళ్లు పోశాను. గరుకు చోట చెయ్యి ఉంది, వేళ్లు అద్దం వైపే. లోపల ఆవిరి పట్టించి చూస్తే కిటికీ శుభ్రంగా ఉంది. ఆ రోజు నేనూ ఆమెతో వెళ్లాను. గుట్ట మలుపు దగ్గర రుచిత బ్రేకు తొక్కకుండానే బండి నెమ్మదించింది. ఎదుటి మలుపులోంచి హారన్ లేకుండా ఒక లారీ మా వైపుకే వచ్చి, సర్దుకొని పోయింది.

అప్పటి నుంచి అదే మా ఇంటి పద్ధతి. పొద్దున్నే మగ్గుతో నీళ్లు పోస్తాను. చెయ్యి కనబడితే తాళం ఇస్తాను. ఇంటికి వచ్చినవాళ్లు ఆ గరుకు మచ్చకు రంగు వేయించమంటారు. ధర పెరుగుతుందని నాకూ తెలుసు.

మొన్న ముసురు పట్టిన పొద్దున నీళ్లు పోస్తే చెయ్యి లేదు. ఇంకో మగ్గు పోశాను. మడ్‌గార్డు, తలుపులు, వెనుక రేకు తడిపాను. లోపలి అద్దాల మీద ఊదాను. ఎక్కడా లేదు.

"నాయినా, టైమైతుంది. తాళం ఇయ్యి," అంది రుచిత.

"ఇయ్యాల బస్సుకు పో బిడ్డా."

"గీ వానల బస్సా? ఆ నవీన్ లీవు పెడితే నేను బస్సుల పోవాలెనా?"

"పోవాలె," అన్నాను. తాళం జేబులో వేసుకున్నాను. ఆమె గొడుగు తీసుకొని విసురుగా వెళ్లింది. రోజంతా నేను యార్డుకు పోకుండా కారును కనిపెట్టుకొని కూర్చున్నాను. అది వానకు తడుస్తూ నిలబడింది. చెయ్యి రాలేదు.

రుచిత చీకటి పడకముందే వచ్చింది. పొద్దున బస్సు నిండా జనం, తాను తలుపు దగ్గరే నిలబడాల్సి వచ్చిందని చెప్పింది. గుట్ట మలుపులో బస్సు గట్టిగా ఊగింది. రుచిత పట్టు తప్పి మెట్టు మీది నుంచి బయటికి ఒరిగింది.

"ఎవలో భుజం పట్టి లోపలికి గుంజిన్రు నాయినా. థాంక్స్ చెప్దామని వెనకకు చూస్తే, ఒక ముసలామె నిద్రపోతుంది. ఇంకెవలు అందేంత దూరంల లేరు."

లోపలికి పోవడానికి ఆమె వెనుదిరిగింది. గొడుగున్నా చున్నీ వానకు పూర్తిగా తడిసి భుజానికి అంటుకొని ఉంది. భుజం మీద ఒక్కచోట తడి ఇంకా ముదురుగా ఉంది. ఆకారం అరచెయ్యి. ఉంగరపు వేలికి ఒక కణుపు లేదు.

తాళం ఇచ్చి ఉంటే ఆమె బస్సు ఎక్కేది కాదు, ఒరిగేది కాదు. తాళం ఇచ్చి ఉంటే ఆ మలుపులో కారుకు ఏమయ్యేదో నాకు తెలియదు. అతను ఆమెను కాపాడడానికి వెళ్లాడా, ఆమెతో ఉండడానికి వెళ్లాడా అన్నదీ తెలియదు. బతుకంతా లాభనష్టాలు చూసుకున్నవాణ్ణి, ఈ లెక్క మాత్రం తేల్చలేకపోయాను.

ఇంద్రమ్మ పొడి తువ్వాలు తెచ్చి తుడవబోతే ఆమె చెయ్యి పట్టి ఆపాను.

"రుద్దకు," అన్నాను. "దానంతట అదే ఆరనీ."