మేకను కట్టిన తాడు

మేకను కట్టిన తాడుతోనే మా బావ చేతులు కట్టారు.

ఆ ఉదయం మనవడికి పుట్టువెంట్రుకలు తీయించి మేకను కోశాడు మహసున్ బావ. మాంసం ఇంటింటికీ పంచాడు. తలా పేగులూ తాటాకు బుట్టలో వేసుకెళ్ళి ఊరి చివర చింతచెట్టు కింద పెట్టాడు. అది కుంటిదాని వాటా. కుంటిదంటే ముసలి ఓరా. మనిషి కన్నా పొడుగుండే ఉడుము జాతి అది. జింకనైనా పడగొడుతుంది. ఈ కుంటిది మాత్రం కాలు విరిగి, వేటాడలేక మా ఊరి చివరికి చేరింది. మా మొదటి తల్లి కవలల్ని కన్నదని, ఒకడు మనిషి, ఒకటి ఓరా అని మేం నమ్ముతాం. తోబుట్టువు ముసలిదైతే ముద్ద పెట్టకుండా ఎలా ఉంటాం?

"ఈ దీవంతా ఇప్పుడు పార్కు. పార్కులో జంతువుకి తిండి పెట్టడం నేరం" అన్నాడు గార్డు.

"కొండ మీద టూరిస్టుల కోసం కంపెనీ కట్టిన మంచె ముందు ఓరాలకి మేకల్ని వేలాడదీస్తున్నారుగా. అదేంటి మరి?" అన్నాడు బావ.

"అది ప్రదర్శన. దానికి పర్మిషన్ ఉంది."

"ఆకలికి పెడితే నేరం, ఆటకి పెడితే పర్మిషనా నాయనా?"

గార్డుల వెంట రుస్లి ఉన్నాడు. మా ఊరి కుర్రాడే, కంపెనీలో గైడు. మేక గుంజ నుంచి తాడు విప్పి ముడి వేసింది వాడే. తల మాత్రం ఎత్తలేదు.

"వదులుగా కట్టావేంరా" అన్నాడు బావ నవ్వుతూ. "పడవ ముడి నీకు నేర్పింది నేనే. పరువు తీయకు."

ఇదంతా ఒక మంచి మాటతో మొదలైంది. మంచి మాటంటేనే నాకిప్పుడు భయం. అప్పట్లో ఓరాల్ని చూడొచ్చే జనం మరీ ఎక్కువయ్యారు. వాళ్ళ పడవల లంగర్లు పడి పగడాలు పిండి అయ్యేవి. ఒడ్డంతా ప్లాస్టిక్ గ్లాసులే. పట్నం నుంచి అధికారులు వచ్చి మసీదు ముంగిట్లో కూర్చున్నారు. దీవి మీద బరువు పెరిగింది, రోజుకి ఇంతమందే దిగాలి అన్నారు. మేం సరేనని చేతులెత్తాం. మీ ఊరి రేవు మూసేస్తే పగడం మళ్ళీ పెరుగుతుంది, అందరూ కంపెనీ కట్టే రేవులోనే దిగాలి అన్నారు. దానికీ ఎత్తాం. లెక్క అతిథులకే కదా అనుకున్నాం. ఇంటివాణ్ణి అతిథిగా లెక్కేసేవాడు ఒకడుంటాడని మా జాతిలో ఎవడికి తోస్తుంది?

రేవుతో పాటు గేటు వచ్చింది. పట్నంలో చేపలమ్ముకుని తిరిగొచ్చిన మా ఆడవాళ్ళు గేటు దగ్గర లెక్కలో పడ్డారు. లెక్క నిండిన రోజు ఊరి దీపాలు చూస్తూ పడవలోనే పడుకున్నారు.

బావని తీసుకెళ్ళిన సాయంత్రం ఊరంతా మళ్ళీ మసీదు ముంగిట్లోనే చేరింది.

"పోలీసులతో మనకెందుకు, అర్జీ పెడదాం" అన్నాడు ఊరిపెద్ద హాజీ తాలిబ్.

బావ భార్య సేహా మా అక్క. మసీదు గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. "ఎత్తమన్నప్పుడల్లా ఎత్తారు చేతులు. ఆయన చేతులు కట్టేస్తే మాత్రం ఒళ్ళో పెట్టుకు కూర్చున్నారు" అంది.

"కంపెనీ పోతే నాకు జీతం పోద్ది అక్కా" అన్నాడు వెనక నుంచి రుస్లి. "నీ తమ్ముడు చెక్కే బొమ్మలు ఎవరు కొంటారు?"

"బొమ్మలు కొనేది వచ్చే జనంరా, కంపెనీ కాదు" అన్నాను నేను. "ఆ జనాన్ని మా వాకిలి దాకా రానివ్వకుండా మంచె దగ్గరే ఆపేసింది మీరే."

"నాకూ పిల్లలున్నారు అన్నా."

"ఆయనకీ ఉన్నారు" అంది అక్క. చివరికి అర్జీ పెడదామనే లేచిపోయాం.

బావకి ఉబ్బసం. మందు ఇంట్లోనే ఉండిపోయింది. అక్క దాన్ని కొంగున కట్టుకుని పట్నం ఠాణాకి వెళ్ళింది. డాక్టరు రాసిస్తేనే మందు లోపలికి అన్నారు. డాక్టరు సెలవులో ఉన్నాడు. అరుగు మీద కూర్చున్న అక్కకి లోపల ఆయన దగ్గు వినబడుతూనే ఉంది. అది ఆగిపోయినప్పుడు, నిద్రపట్టిందేమో అనుకుందట.

శవాన్నీ, చొక్కానీ, ఆ తాడునీ మాకు అప్పగించారు. పట్నం మసీదులో స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి పడవెక్కించాం. పొద్దుగూకే లోపు మట్టిలో పెట్టాలి.

కంపెనీ రేవులో గేటు వేసి ఉంది. మేనేజరు మర్యాదస్తుడు, టోపీ తీశాడు.

"చాలా బాధగా ఉందమ్మా. కానీ పెద్ద ఓడ వచ్చింది, ఈరోజు సంఖ్య నిండిపోయింది. రేపు మొదట మిమ్మల్నే దించుతాం."

"చచ్చిపోయిన మనిషి బాబూ. దీవికి బరువేం కాడు."

"మోసుకొచ్చినవాళ్ళు ఉన్నారు కదమ్మా."

"అంటే నేను ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చానా?"

"రూలు అందరికీ ఒక్కటే. దీవి మేలు కోసమేగా."

అక్క అతని మొహం వంక చూసింది. తర్వాత పడవ తిప్పమని నాకు చెప్పింది.

మూసేసిన మా పాత రేవు ఎదుట పడవ ఆపాం. నీళ్ళ మీద తేలే బోయాలు కట్టిన తాడు అడ్డం ఉంది. ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. ఎవరూ పిలవలేదు. ముందుగా నీళ్ళలోకి దిగింది హాజీ తాలిబ్, అర్జీ పెడదామన్న ముసలాయనే. పంచె తడిసి కాళ్ళకి చుట్టుకుంటున్నా నడిచొచ్చి బోయాల తాడు పైకెత్తి పట్టుకున్నాడు. ఆయన వెనక మగాళ్ళు, వాళ్ళ వెనక ఆడాళ్ళు, గుండెల లోతు నీళ్ళలో.

"పగడాల మీద అడుగెయ్యకండి, ఇసక దారినే రండి" అని ఎవరో ముసలమ్మ అంటోంది. అప్పుడు కూడా.

బావని తలల మీదుగా చేతులు మార్చుకుంటూ ఒడ్డుకి చేర్చాం. గార్డులు ఈలలు వేశారు. ఓడలోంచి దిగినవాళ్ళు కెమెరాలెత్తి, ఇదేం పండగని రుస్లిని అడిగారట. వాడు ఏం చెప్పాడో నాకు తెలియదు.

ఓరాలు తవ్వకుండా సమాధి మీద రాళ్ళు పేర్చడం మా పద్ధతి. తోబుట్టువే అయినా ఆకలి ఆకలే. ప్రతి మనిషీ ఒక రాయి తెచ్చాడు. చివరి రాయి పెట్టేసరికి సముద్రం మీద ఎర్రదనం కూడా పోయింది.

మర్నాడు పొద్దున అక్క చింతచెట్టు కింద చేపతలల బుట్ట పెట్టి పక్కనే కూర్చుంది. కాసేపటికి పక్కింటామె కోడి పేగులు తెచ్చింది. తర్వాత హాజీ తాలిబ్ వచ్చాడు. తర్వాత ఇంటికొక బుట్ట. నేనూ ఒకటి పెట్టాను. బుట్టల వెనక ఊరంతా నేల మీద కూర్చున్నాం.

గార్డులు వచ్చారు, వెనకే రుస్లి. ఎవరు పెట్టారని గార్డు అడిగాడు. నేను అన్నారు ఒకరు. నేను అన్నారు ఇంకొకరు. ఆ మాట చెట్టు చుట్టూ తిరిగొచ్చింది.

అక్క ఒళ్ళోంచి తాడు తీసి రుస్లి కాళ్ళ ముందు పెట్టింది.

"ఇది ఒక్క మనిషికే సరిపోయిందిరా. మేం ఊరంతా ఉన్నాం. వెళ్ళి తాళ్ళు తెచ్చుకోండి."

తాడు తీయడానికి రుస్లి వంగలేదు. గార్డు రేడియోలో ఎవరితోనో మాట్లాడుతూ దూరంగా నడిచాడు.

పొద్దెక్కింది. ఈగలు ముసిరాయి. కుంటిది ఇంకా రాలేదు. మేమూ లేవలేదు.